బురుజుకు వేసిన అతుకు

ఈ కోట కట్టినవాళ్ళకు మోకాళ్ళ మీద ఏదో పగ ఉండి ఉండాలి. కొండ ఎక్కడమే ఒక శిక్ష అయితే, తీరా ద్వారం దగ్గరికి వచ్చాక దారి మళ్ళీ వంకర తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపులు కుమ్మకుండా అలా కట్టారట. ఇప్పుడు ఏనుగులూ లేవు, శత్రువులూ లేరు. ఆ వంకరలన్నీ తిరగడానికి సున్నం గంపతో నేనొక్కదాన్నే మిగిలాను.

మా ఆయన రాతిపని మేస్త్రి. వానలకు పడమటి బురుజు పొట్ట ఉబ్బి కూలిపోతే, అతుకు వేసే పని ఆయనకు వచ్చింది. చేతులకు వణుకు పట్టింది, ఇదే ఆఖరి గోడ అని ఇద్దరికీ తెలుసు. అందుకే ప్రాణం పెట్టి కట్టాడు. లోయలోకి దొర్లిపోయిన పాత రాళ్ళనే వెతికించి పైకి మోయించాడు. పాత గోడ రంగు వచ్చేదాకా గానుగ సున్నంలో నా చేత మట్టి కలిపించాడు. నా నడుము పోయింది అక్కడే. పని పూర్తయ్యాక చూస్తే, అతుకు ఎక్కడుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాలేదు. ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు.

కోట మరమ్మతులు చూసే ఇంజనీరమ్మ తనిఖీకి వచ్చింది. బురుజు చుట్టూ తిరిగి, "మీరు కట్టింది ఏది మేస్త్రి గారూ?" అని అడిగింది.

"కనబడలేదు కదమ్మా!" అన్నాడు మా ఆయన పొంగిపోతూ.

"అదే తప్పు. కొత్త పని పాతదాని కంటే ఒక వేలు లోపలికి ఉండాలని మొదట్లోనే చెప్పాం కదా?"

"చెప్పారు. గోడ మొహం ఎగుడుదిగుడుగా కడితే నలుగురూ నవ్వరా అమ్మా?"

ఆమె కోప్పడలేదు. గోడ అడుగు చూపించింది. "సున్నం లేకుండా ఈ బండలు పేర్చింది మొదటి రాజులు. వాటి పైనున్న చెక్కుడు రాళ్ళు తర్వాతివాళ్ళవి. తుపాకి కంతలున్న ఆ ఇటుకల పిట్టగోడ ఇంకొకరిది. ఎవరి పని వాళ్ళదిగా కనబడుతోంది కాబట్టే కోట చరిత్ర తెలుస్తోంది. మీరేమో మీ పని దాచేశారు." సుద్దముక్క చేతికిచ్చింది. "అంచు గీయండి. లోపల రాళ్ళ సందుల్లో సున్నం ఒక వేలు లోతు చెక్కేస్తే చాలు, గోడ ఉంటుంది. గీయలేకపోతే మాత్రం అంతా విప్పించి వేరేవాళ్ళతో కట్టించాలి."

ఆమె మాటలో తప్పేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే.

మా ఆయన పరంజా ఎక్కి, సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎంతకీ చెయ్యి కదలదు. మొదట మొండికేశాడనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఎక్కడిదాకా తన గోడో ఆయనకే తెలియడం లేదు.

"ఏమండీ, ఏదో ఒక గీత గీసి దిగండి. ఇంటికి పోదాం," అన్నాను మెల్లగా.

"ఏదో ఒకటి గీసి ఆ పాతవాళ్ళ గోడ చెక్కమంటావా?"

సుద్ద జేబులో వేసుకుని ఉలి తీశాడు. ఒక సందులో పెట్టి సుత్తితో తట్టాడు. ఉలి ఎగిరిపడింది, సున్నం మీద గాటైనా పడలేదు.

"వాళ్ళది," అన్నాడు.

పక్క సందు కూడా వాళ్ళదే. ఇంకొంచెం జరిగి మళ్ళీ తట్టాడు. ఈసారి ఉలి దిగిపోయింది. సున్నం పిండిలా రాలి, కింద నిలబడ్డ నా జుట్టులో పడింది.

ఆయన సందులో వేలు పెట్టి, రాలిన సున్నం నలిపి చూశాడు.

"మనదే," అన్నాడు చివరికి.

గోడ దక్కినందుకు సంతోషించాలి. నేను మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అంత ప్రాణం పెట్టి కట్టింది, ఉలి తగిలితే పిండైపోయింది.

"సున్నం ఆరిందే గానీ ఇంకా రాయిలా ముదరలేదే. ముదిరేసరికి మనం ఉండం," అన్నాడు పైనుంచి. తర్వాతి సందులో ఉలి పెట్టి ఆగాడు. "పక్కకు జరుగు. కళ్ళలో పడుతుంది."