ఆగకూడని దారి

పెట్టె కీచుమంటూనే ఉంది.

"వేగం ఎక్కువ. తగ్గించండి. వేగం ఎక్కువ. తగ్గించండి."

"నోర్ముయ్," అంటూ మెర్ల్ టాకెట్ ఇంకా గట్టిగా తొక్కింది.

నీళ్లు దించేసిన ట్యాంకరు ఎర్రమట్టి రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. అద్దానికి అంటించిన కెమెరా ఆమె ముఖాన్నే చూస్తోంది. డ్రైవరు కళ్లు మూతపడ్డాయా, బ్రేకు ఎంత గట్టిగా పడింది, బండి ఎక్కడ ఆగింది, అన్నీ ఆ పెట్టె క్షణాల్లో ఆ ప్రాంతాన్ని పాలించే కుల్‌గిరీ షైర్ కౌన్సిల్ ఆఫీసుకు మోసేస్తుంది. డ్రైవర్ల భద్రత కోసమని కౌన్సిల్ బండ్లన్నిటికీ బిగించారు. డ్రైవర్లు దానికి చాడీలపెట్టె అని పేరు పెట్టుకున్నారు.

పొద్దున ఈ దారిలోనే ఆమె ఒక తెల్ల బండిని దాటిపోయింది. బానెట్ ఎత్తి ఉంది. మనిషి కనబడలేదు. ఈ ఎండలో, ఈ ఎడారి దారిలో, బానెట్ ఎత్తిన బండిని చూసి ఆగనివాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కించరు. ఆగాలి, నీళ్లివ్వాలి, ఎక్కించుకుని ఊరు చేర్చాలి. మెర్ల్ తాత ఆగాడు. అమ్మ ఆగింది. స్టీరింగు పట్టిన నాటి నుంచీ ఆమె కూడా ఆగుతూ వచ్చింది. ఈ ఏడాది నుంచి అది తప్పయింది. అనుమతి లేకుండా ఆగితే ఒక మచ్చ. మూడు మచ్చలు పడితే తాళాలు లాక్కుంటారు. ఆమెకు అప్పటికే రెండున్నాయి.

అందుకని ఆగలేదు. కానీ ఊరికే పోలేదు. పెట్టె పక్కనున్న ఎర్ర బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఫోన్ పలకని చోట కూడా అది ఆకాశం మీదుగా ఆఫీసుకు చేరుతుందని శిక్షణలో చెప్పారు. ఆపద కనిపిస్తే మీరు ఆగొద్దు, బటన్ నొక్కండి, మనుషుల్ని మేం పంపుతాం అన్నారు. మెర్ల్ నమ్మింది.

రోడ్డు పనుల క్యాంపులో నీళ్లు దించుతూ, రోడ్డు చదునుచేసే గ్రేడర్ నడిపే డెస్మండ్‌ని అడిగింది.

"ఒరే డెస్, తెల్ల బండి గురించి రేడియోలో ఏమన్నా చెప్పారా?"

"ఏ తెల్ల బండి పిన్నీ? పొద్దుట్నుంచీ రేడియోలో చీమ కూడా చిటుక్కుమనలేదు."

అంతే. గొట్టం అక్కడే పారేసి బండి వెనక్కి తిప్పింది.

తెల్ల బండి అలాగే ఉంది. అవతలి పక్క, పొద్దున ఆమెకు కనబడని వైపు, చక్రానికి వీపు ఆనించి ఆయన కూర్చున్నాడు. షర్టు గుండీలు విప్పేసి ఉన్నాయి. పక్కన ఖాళీ నీళ్ల సీసా.

"మావయ్యా!"

ఆమె తల్లికి తోడబుట్టినవాడు. బండి ఆయన మనవరాలిది కాబట్టి గుర్తుపట్టలేకపోయింది. తల మీద నీళ్లు పోసింది. పెదాలు తడిపింది. నీళ్లు గడ్డం మీంచి జారి మట్టిలో ఇంకిపోయాయి. మళ్లీ పోసింది.

ట్యాంకర్ లోంచి పెట్టె అరుస్తోంది.

"అనుమతి లేకుండా ఆగారు. అనుమతి లేకుండా ఆగారు."

*

మర్నాటి నుంచి ఆయన పేరు ఎవరూ పలకలేదు. పోయినవాళ్ల పేరు నోట పలకరు మెర్ల్ మనుషులు, ఆ నేల ఆదివాసులు. 'ఆ పెద్దాయన' అన్నారు, అంతే.

ఆఫీసు మాత్రం మెర్ల్ పేరును ఊరంతా చాటింది. డ్రైవరు బాధితుణ్ణి చూసి కూడా ఆగలేదు, ఎవరికీ తెలియజేయలేదు అని పనుల విభాగం డైరెక్టర్ గ్రెయిమ్ ఆల్‌కాట్ స్థానిక రేడియోలో చెప్పాడు. ఆమెను పనిలోంచి పక్కన పెట్టారు. పోలీసులు కేసు పెట్టొచ్చన్నారు.

బండ్ల షెడ్డులో డ్రైవర్లు పోగయ్యారు.

"దాటిపోయానని నన్ను తిట్టండి, పడతాను," అంది మెర్ల్. "చచ్చేదాకా పడతాను. ఎవరికీ చెప్పలేదంటే మాత్రం ఒప్పుకోను. నొక్కాను. వేలు నొప్పెట్టేలా నొక్కాను."

యూనియన్ ప్రతినిధి కెవ్ స్లాటరీ టోపీ తీసి బట్టతల గోక్కున్నాడు. "నొక్కితే ఆఫీసు రికార్డులో పడాలిగా తల్లీ."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా కెవ్?"

"నేననట్లేదు. వాళ్లంటారు. యూనియన్ పెద్దాఫీసుకు ఫోన్ చేశా. లాయర్ని పంపుతారట."

"ఎప్పుడు?"

"పంపుతారట."

ఎవరో పకపకా నవ్వారు. అందులో సంతోషం లేదు.

"పెట్టెలన్నీ పీకి ఆల్‌కాట్ బల్ల మీద కుప్ప పోద్దాం!" అని అరిచాడు వెనకనుంచి ఒకడు.

"పీకడమెందుకురా?" డెస్ లేచాడు. "పోయిన చలికాలం నేను కునుకు తీస్తే ఈ పెట్టే అరిచి లేపింది. లేకపోతే మీరంతా నా సమాధి దగ్గర బీరు తాగుతుండేవాళ్లు. మన గొడవ పెట్టెతో కాదు. మనం కునికితే దానికి వినబడుతుంది, ఆగితే వినబడుతుంది, కాపాడమంటే ఎందుకు వినబడలేదు? దాని చెవి ఎవడి చేతిలో ఉంది? అదీ గొడవ."

కౌన్సిల్ సమావేశం రోజున బండ్లన్నీ హాలు ముందు ఆపాలనుకున్నారు. మెయిన్ రోడ్డు మధ్యలో, బానెట్లు ఎత్తి. చేతులు లేచాయి. కొన్ని లేవలేదు. లేవనివాళ్లు తల దించుకుని, భోజనం డబ్బాలు తీసుకుని పక్కకు తప్పుకున్నారు. వాళ్లను ఎవరూ తిట్టలేదు. పని పోతే ఆ ఊళ్లో ఇంకో పని లేదని అందరికీ తెలుసు.

*

హాలు కిటకిటలాడుతోంది. ఆల్‌కాట్ గోడ మీద తెర దించాడు. కంట్రోల్ రూమ్‌లో పనిచేసే జొయాన్ పైపర్ కంప్యూటర్ ముందు కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆల్‌కాట్ పోయినాయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పలికాడు. వెనక వరసల్లో ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

"ఆ పేరు అనకండి," అంది మెర్ల్.

"క్షమించండి," అని, రెండు వాక్యాల తర్వాత మళ్లీ ఆ పేరే అన్నాడు.

తెర మీద ఆమె బండి నడిచిన గీత కనబడింది. "ఇదిగో, ఇక్కడ దాటింది. వేగం తగ్గలేదు. హెచ్చరిక పంపలేదు. రాష్ట్రంలో భద్రతా బహుమతి గెలిచిన షైర్ మనది. ఏడాదంతా ఒక్క ఆపద పిలుపు కూడా రాలేదు. ఒక్క మనిషి నిర్లక్ష్యంతో ఆ పరువు పోయింది."

చర్చ ఎంతోసేపు సాగలేదు. కౌన్సిలర్లు చేతులెత్తారు. మెర్ల్‌ను తీసేశారు. కాగితాలు పోలీసులకు పంపుతామన్నారు. బయట రోడ్డు ఆపినవాళ్ల పనులు సముద్రతీరపు కాంట్రాక్టర్‌కు ఇస్తామన్నారు. ఆ కాంట్రాక్టర్ మనుషులు అప్పటికే ఊరి హోటల్లో దిగి ఉన్నారు. అంతా ముందే అయిపోయింది. తలుపు దగ్గర పోలీసాయన మెర్ల్ వైపు చూసి, రమ్మన్నట్టు తల ఊపాడు.

ఆమె లేచింది. లేచి, తెర వైపు చూసింది. మెయిన్ రోడ్డు మీద ఆగిన బండ్లన్నీ అందులో ఆకుపచ్చ చుక్కలై వరసగా మెరుస్తున్నాయి.

"డెస్! బటన్ నొక్కండ్రా! అందరూ నొక్కండి!"

డెస్ ఉరికాడు. అతని వెనక డ్రైవర్లంతా ఉరికారు. కెవ్ టోపీ కిందపడినా ఆగలేదు. బయట బండ్ల తలుపులు టపటపా తెరుచుకున్నాయి. హాల్లో జనం లేచి నిలబడి తెరకేసి చూశారు.

చుక్కలు ఆకుపచ్చగానే ఉన్నాయి.

"నొక్కాం పిన్నీ!" వాకిట్లోంచి డెస్ గొంతు. "ప్రతి బండిలో నొక్కాం! ఇంకా నొక్కుతూనే ఉన్నారు!"

ఒక్క చుక్క ఎర్రబడలేదు. ఒక్క గంట మోగలేదు. ఇన్నాళ్లూ ఈ ఎడారిలో తాము పెట్టిన కేకలన్నీ ఎక్కడికి పోయాయో జనానికి అప్పుడు తెలిసింది. ఎక్కడికీ పోలేదు.

"ఆ తెర ఆపెయ్," అన్నాడు ఆల్‌కాట్.

మెర్ల్ కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది. పోలీసాయన వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోలేదు.

"జొయాన్, ఎవరాపారు మా బటన్లని?"

"నాక్కూడా బతుకుదెరువు ఇదొక్కటే మెర్ల్."

"తెలుసమ్మా. నాకూ అదే ఉండేది."

జొయాన్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేనే ఆపాను. ఈ చేతుల్తోనే. మీరు నొక్కిన ప్రతిసారీ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాలి. వడదెబ్బ తగిలిందని నొక్కేవాళ్లు, టైరు పేలిందని నొక్కేవాళ్లు. ఇలాగైతే బహుమతి రాదన్నారు. ఆపెయ్యమన్నారు. డ్రైవర్లకు చెప్పొద్దన్నారు."

"అన్నారు, అన్నారు. ఎవరన్నారు?"

"ఈ మాటలు సమావేశం వివరాల్లో రాయకూడదు," అన్నాడు కౌన్సిల్ అధ్యక్షుడు బల్ల మీద కొడుతూ.

"రాసుకోకండి," అంది మెర్ల్. పోలీసాయన ఆమెను తలుపు వైపు లాగుతున్నాడు. "వింటే చాలు. మా పెద్దాయన పేరు ఇందాక ఎంత బాగా పలికారు! ఈ పేరు కూడా పలకండి. చెప్పు జొయాన్. వెనకాల వాళ్లకు వినబడాలి."

జొయాన్ లేచి నిలబడింది.

"గ్రెయిమ్ ఆల్‌కాట్," అంది.