అయిదున్నర అడుగుల టబ్బు

అన్యాయం జరిగింది భావనకు. జరిగింది 2024 ఆగస్టు ఇరవై అయిదో తేదీ, ఆదివారం పొద్దున, చైతన్యపురిలో ఆమె సొంత ఇంట్లో, బాత్రూం గొళ్ళెం వెనకాల. చేసింది కన్నతండ్రి ప్రసన్నకుమార్. కుళాయి తిప్పి, బకెట్లోకి నీళ్ళు ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున ఫోన్లో పెళ్ళిసంబంధం వాళ్ళతో అన్నాడు: "అబ్బే, మా అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ. మొన్న బస్సు దిగుతుంటే కాలు మెలిక పడింది, అంతే."

ఆ సమయానికి ఆ అమ్మాయి హాల్లో రెండు మోకాళ్ళ మీదా వేడినీళ్ళ సంచులు పెట్టుకుని బ్యాంకు పరీక్షకు చదువుకుంటోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కీళ్ళవాతం. పొద్దున లేచాక చాలాసేపు కాళ్ళూ వేళ్ళూ చెప్పిన మాట వినవు. తల్లి విజయదుర్గ చంకల కింద చేతులు వేసి లేపుతుంది, బాత్రూం దాకా నడిపిస్తుంది, స్టూలు మీద కూర్చోబెట్టి మోకాళ్ళ మీద మగ్గుతో వేన్నీళ్ళు పోస్తుంది. ఇంట్లో కాఫీ కన్నా ముందు జరిగే పని అది.

బాత్రూంలో గోడకీ గోడకీ మధ్య ఆరడుగులు ఉండేది. ఆ ఆదివారం తర్వాత అయిదడుగుల పది అంగుళాలు.

తగ్గడంలో వింతేం లేదు. అబద్ధం ఆడిన గది ఆ మేర ఇరుకవుతుంది, వానాకాలంలో గోడకి చెమ్మ పట్టినట్టు. కింది వాటాలో గోపయ్య ముందరి గదిలో కూర్చుని ప్లాట్లు అమ్ముతాడు. ఇప్పుడు ఆ గదిలో రెండు కుర్చీలు వేస్తే మూడోవాడు వీధిలో నిలబడాల్సిందే. మర్యాదస్తులు అందుకే నలుగురూ కూర్చునే చోట అబద్ధం ఆడరు. బాత్రూంలోకి పోయి ఆడతారు. బాత్రూం ఎవడు కొలుస్తాడు?

విజయదుర్గ కొలిచింది.

సెప్టెంబరులో డాక్టరు ఆ మగ్గు స్నానం చాలదన్నాడు. వెన్ను ఆన్చి, భుజాల దాకా వేన్నీళ్ళలో మునిగి, మోకాళ్ళు పూర్తిగా చాపి రోజూ అరగంట పడుకోవాలి, లేకపోతే కీళ్ళు వంగినచోటే బిగుసుకుపోతాయి అన్నాడు. భావనను బయట కూర్చోబెట్టి తల్లితో ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాటను విజయదుర్గ ఇంటికి తేలేదు.

ఎల్బీ నగర్ వెళ్ళే రోడ్డు మీద శానిటరీ షాపు మహిపాల్‌ది. కొలత వినగానే అడిగాడు.

"పండుకునేటోళ్ళు ఎంత ఎత్తు మేడం?"

"మా అమ్మాయి. అయిదడుగుల ఆరు."

"గట్లయితే అయిదున్నర అడుగులది తీస్కోండ్రి. బయటి కొలత సూసి మోసపోవద్దు. వీపు దిక్కు వాలుగ ఉంటది, అడుగున కాళ్ళు చాపే జాగ నాలుగడుగులే మిగుల్తది. అయిదడుగులదాంట్ల మోకాళ్ళు ముడుసుకోవాలె. ఆరడుగులది మీకు పట్టదు, పట్టినా మీ గీజరు నింపలేదు." తర్వాత, ఏ రంగు కావాలని అడిగినంత మామూలుగా, "ఇంట్ల బాత్రూంల ఫోన్ మాట్లాడేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"మా ఆయన."

మహిపాల్ పెన్ను జేబులో పెట్టేశాడు. "అయితే టబ్బు పంపే రోజు ఇంకోపారి కొలిసి చెప్పుండ్రి. ఫైబరుది, కోసినమంటే ఎందుకూ పనికిరాదు."

పంపే రోజు కొలిస్తే అయిదడుగుల అయిదు. టేపు పట్టుకుని వంగి ఉన్న భార్యను దాటుకుని ప్రసన్నకుమార్ బయటికొచ్చాడు, తడవని చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ.

"ఎవరితో మాట్లాడారు?"

అతను గుమ్మం దాటిన కాలు మళ్ళీ వెనక్కి, బాత్రూంలోకి వేశాడు. "ఆఫీసు వాళ్ళు" అన్నాడు. అతని వెనక ఒక టైలు అంచు నలిగి రాలింది.

"పిల్ల కాళ్ళు చాపుకునే చోటు తినేస్తున్నారు మీరు. అన్నం తిన్నట్టు తింటున్నారు."

"దానికో సంసారం ఏర్పడాలా వద్దా? టబ్బు పెళ్ళయ్యాక చూసుకోవచ్చు. ఇప్పుడు పెడితే, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇదెందుకూ అని అడగరూ?"

భావన హాల్లోంచే అంది. "పెళ్ళయ్యాక నా కాళ్ళు వాళ్ళకి కనపడవా నాన్నా? పెట్టెలో సర్ది పంపిస్తారా?"

మర్నాటి నుంచీ అతను ఫోను పట్టుకుని డాబా ఎక్కడం మొదలుపెట్టాడు. డాబాకి గోడల్లేవు. అబద్ధం మానడం కన్నా మెట్లెక్కడం సులువు మగాడికి.

విజయదుర్గ మహిపాల్‌కి ఫోన్ చేసి అయిదడుగుల టబ్బు ఉంచమంది. "ముడుసుకోవాలె మేడం" అన్నాడతను. "కొంచెం ముడుచుకున్నా నయమే, అసలు లేనిదానికన్నా" అంది. గోడ నిలిచిందని నమ్మకం కుదిరాక పంపుతానన్నాడు.

గోడ నిలవలేదు. దసరాకి అయిదడుగుల మూడు. దీపావళి వెళ్ళాక అయిదడుగుల ఒకటి. మొగుడు మాట్లాడేదంతా డాబా మీదే. విజయదుర్గ కాపలా కాసింది, తలుపుకి చెవి ఆన్చింది, పనిమనిషిని కూడా అనుమానించింది. గోపయ్య భార్య అండాలమ్మ కరివేపాకు కోసమొచ్చి, టేపు పట్టుకుని నేల మీద చతికిలబడ్డ ఆమెను చూసింది.

"ఏంది విజయమ్మా, గట్ల కూసున్నవ్?"

"ఆయన ఫోనుతో లోపల అడుగు పెట్టట్లేదు వదినా. అయినా తగ్గుతోంది."

"మొగోడొక్కడే ఆడ్తడా అబద్ధం? పిల్లలు చిన్నగున్నప్పుడు నేను తిన్న తిన్న అని చెప్పీ చెప్పీ నా వంటిల్లు ఎట్లయిందో సూడలే? పక్కకి తిరిగితే గిన్నెలు పడ్తయి." కరివేపాకు కొంగున కట్టుకుంది. "ప్రేమతోని ఆడినవా, పగతోని ఆడినవా, గోడకేం ఎరుక?"

మర్నాడు సోమవారం. స్టూలు మీద భావన, చేతిలో మగ్గుతో విజయదుర్గ. పిల్ల రోజూ అడిగే మాటే అడిగింది.

"ఎప్పుడు తగ్గుతుందే అమ్మా?"

రోజూ చెప్పే జవాబు నాలుక మీదే ఉంది. మొదట దసరాకల్లా అంది, తర్వాత దీపావళికల్లా లేడిపిల్లలా పరిగెడతావంది. ఈసారి కొత్త సంవత్సరం అనాలి. నోరు తెరిచింది. పక్క గోడ అంచున విరిగిన టైలు ముక్కలు కనిపించాయి. ఇన్నాళ్ళూ మొగుడి పాపమనుకుని ఆమే ఊడ్చి పారేసిన ముక్కలు.

"తగ్గదమ్మా" అంది. "డాక్టరు ముందే చెప్పాడు. ముదరకుండా చూసుకోవడమే. బతికినంత కాలం మందులే."

గోడ కదల్లేదు.

"నాకు తెలుసే" అంది భావన. "నువ్వు చెప్పినప్పుడల్లా గోడ జరగడం నాకిక్కణ్ణించి కనిపిస్తూనే ఉంది. ఏడవకు. ఆ ఫోను ఇలా పెట్టు."

పెళ్ళివాళ్ళు వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తామన్నారు. పెళ్ళికొడుకు పేరు గౌతమ్. పొద్దుటిపూట భావన వేళ్ళు ఫోను పట్టుకోలేవు గనక తల్లి నంబరు కలిపి, స్పీకరు పెట్టి సబ్బుపెట్టె పక్కన నిలబెట్టింది. డాబా దిగొచ్చిన ప్రసన్నకుమార్ గుమ్మంలో ఆగిపోయాడు.

"గౌతమ్ గారూ, నేను భావనని. మా నాన్న మీకు చెప్పింది నిజం కాదు. నాకు కీళ్ళవాతం. అది తగ్గేది కాదు. పొద్దున్నే మంచం దిగాలంటే ఒక మనిషి పట్టుకోవాలి. మీరు బయల్దేరేముందే చెబుదామని."

అవతల్నించి తేనెలాంటి గొంతు. "అయ్యో, దాందేముందండీ. నాకేం అభ్యంతరం లేదు. ఆదివారం తప్పకుండా వస్తాం."

పక్క గోడ రెండంగుళాలు లోపలికి వచ్చింది. సబ్బుపెట్టె, దాంతో పాటు ఫోనూ జారి నేల మీద పడ్డాయి. ముగ్గురూ చూశారు.

"సరేనండీ, ఉంటాను" అంది భావన, నేల మీది ఫోనుతో.

ప్రసన్నకుమార్ గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తన మాటకే గోడ జరగడం ఎరుగును. ఎదుటివాడి మాటకి జరగడం అదే మొదటిసారి చూడ్డం.

నాలుగడుగుల పదకొండు అంగుళాలు. అయిదడుగుల టబ్బు కూడా పట్టదు. మహిపాల్‌ని అడిగితే, "నాలుగున్నరది ఉన్నది, గని అండ్ల కూసునుడే, పండుకునుడు కాదు" అన్నాడు. కూర్చోవడానికి స్టూలుంది, టబ్బెందుకు? విజయదుర్గ ఫోను పెట్టేసింది.

"హాలు ఎంతుంది?" అంది భావన.

అంతవరకూ ఎవరూ కొలవలేదు. కొలిస్తే కట్టినప్పుడు ఎంతుందో అంతే ఉంది, ఒక్క అంగుళం తగ్గలేదు. ఆ ఇంట్లో ఎవరూ హాల్లో అబద్ధం ఆడలేదు. ఆ మాటకొస్తే నిజమూ ఆడలేదు. టీవీ చూశారు.

"హాల్లోనా?" అన్నాడు ప్రసన్నకుమార్. "గడప దాటగానే అదే కనిపిస్తుంది కదే. ఇంక ఈ ఇంటికి సంబంధం ఎవరు తెస్తారు?"

"చూసి కూడా లోపలికొచ్చేవాళ్ళు తెస్తారు నాన్నా. లేకపోతే లేదు."

అతను ఏదో అనబోయి, చుట్టూ నాలుగు గోడల్నీ చూసి, ఊరుకున్నాడు. తర్వాత ఒక్కడే సోఫాని ఈడ్చి గోడవారకి జరిపాడు.

అయిదున్నర అడుగుల టబ్బు శనివారం వచ్చింది. బరువు మోసేలా కింద దూలం ఉన్న చోట పెట్టారు. వాడిన నీళ్ళు బాల్కనీ తూములోకి పోయేలా గొట్టం వేశారు, చుట్టూ తీగ కట్టి తెర వేశారు. మర్నాడు ఆదివారం. పెళ్ళివాళ్ళు రాలేదు. రావడం లేదని ఫోనూ రాలేదు. ఎవరూ ఎదురుచూడలేదు గనక ఉప్మాకి రవ్వ కూడా వేయించలేదు.

తెర వెనక భావన వేన్నీళ్ళలోకి జారింది. వెన్ను ఆనింది, భుజాలు మునిగాయి. కుడికాలు నెమ్మదిగా చాపుకుంది. ఎడమ మోకాలు సగం దాకా వచ్చి ఆగింది. చోటుంది. మోకాలే రాలేదు. రెండు నెలలు ఆలస్యమైంది మరి.

తెర బయట విజయదుర్గ తువ్వాలు పట్టుకుని నిలబడింది. తగ్గుతుందమ్మా అనడానికి లేదు. పిల్లని ఓదార్చడానికి ఆమెకి వచ్చిన మాట అదొక్కటే.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇంకో బిందె పొయ్యి."

పోసింది. ఆ రోజు 2024 నవంబరు పదిహేడో తేదీ, ఆదివారం.