అక్క నడక

ఆ మధ్యాహ్నం లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్లో అక్క జడ చిక్కుకుంది. పక్కనున్నామె మిషన్ ఆపి, కత్తెరతో జడని మెడ దాకా కోసేసింది. ప్రాణం దక్కింది గానీ, అరిచిన అరుపులకి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. సగం పూట సెలవివ్వడానికి సూపర్‌వైజరుకి మనసొప్పలేదు. మిగిలిన దుప్పట్లన్నీ మడతపెట్టి, ఉసూరుమంటూ ఇల్లు చేరింది.

ఇంట్లో తమ్ముడొక్కడే. ముప్పై ఏళ్ళవాడు. పుట్టుకతోనే ఆటిజం. ముఖాలు వాడికి గుర్తుండవు. చిన్నప్పుడే డాక్టరు విడమరిచి చెప్పాడు: మనం ముఖాన్ని ఒక్క చూపులో పట్టేస్తాం, ఇలాంటివాళ్ళలో కొందరికి ముక్కు, నోరు, జుట్టు దేనికదే కనబడతాయి, అవన్నీ కలిసి ఒక మనిషి కావడం కష్టం. వాడి లెక్కలో అక్కంటే ఒక పొడుగు జడ, ఒక గొంతు.

తలుపు గొలుసు సందు మేరకే తెరుచుకుంది.

"ఎవరండీ?"

"నేన్రా, అక్కని," అంది. గాలి వచ్చినంతగా మాట రాలేదు.

వాడు ఆమె నోటి వంకే చూశాడు. "మా అక్క ఇంట్లో లేదండి. తెలియనివాళ్ళకి తలుపు తియ్యొద్దంది."

ఆ మాట నేర్పింది తనే. నేర్పేసరికి తాతలు దిగొచ్చారు. ఇప్పుడు వాణ్ణి తిట్టడానికి నోరెలా వస్తుంది? గోడకి ఆనుకుని అక్కడే చతికిలబడింది. ఏడుద్దామన్నా ఓపిక లేదు. వాడికి ఊహ తెలిసినప్పట్నుంచీ పక్కనే ఉన్న మనిషి, ఒక్క పూటలో పరాయిదైపోయింది.

వాడు మాత్రం సందులోంచి కదల్లేదు. ఎక్కడో తేడా కొడుతున్నట్టుంది.

"ఒకసారి నడవండి," అన్నాడు చివరికి.

"ఏంట్రా?"

"మెట్ల దాకా వెళ్ళి రండి."

పొద్దుట్నుంచీ నిలబడిన కాళ్ళు. లోలోపల సణుక్కుంటూనే లేచి, మెట్ల దాకా వెళ్ళి వచ్చింది.

గొలుసు ఊడిన చప్పుడైంది.

"ఎడమ చెప్పు నేలకి రాస్తావు నువ్వు," అన్నాడు తమ్ముడు. "ఇంకెవరి నడకా అలా ఉండదు. జడేదీ?"

"మిషన్ తినేసింది."

"మళ్ళీ ఇస్తుందా?"

"ఇవ్వదు. కొన్నాళ్ళు నేనింతే."

వాడు కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు. లైటు వేసి చుట్టూ తిరుగుతూ, ముందు నుంచీ పక్క నుంచీ వెనక నుంచీ ఆ పొట్టి జుట్టుని చూడసాగాడు.

"కదలకు. నేర్చుకుంటున్నా."

కదిలే ఓపిక ఆమెకెక్కడిది? వాడింకా వెనకవైపే ఉండగా, కూర్చున్నచోటే కునుకు పట్టేసింది.