ముందురోజు పాట

ప్రతి ఆదివారం మధ్యాహ్నం దర్జీ దుకాణం షట్టరు సగం దించి, కత్తిరింపుల బల్ల గోడవారకు జరిపి, ముగ్గురూ రాక్ పాటలు వాయించుకునేవారు. దుకాణం వదినది. డ్రమ్ములు మరిదివి. బేస్ గిటారు వాయించేవాణ్ణి అందరూ 'నిదానం' అనేవారు. అతను తొందరపడగా చూసినవాళ్లు లేరు. మగవాళ్లిద్దరికీ అసలు పని వదిన భర్త, అంటే అన్నయ్య, నడిపే పెద్ద బ్యాండులో, పెళ్లిళ్లలో, సభల్లో అడిగిన సినిమా పాటలు వాయించడం. ఇది ఆటవిడుపు బ్యాండు.

వదిన పాడితే ఆ పాట మర్నాడు, అదే చోట, అదే వేళకు వినబడేది. మాటలు మామూలుగానే వచ్చేవి, పాట ఒక్కటే ఆలస్యం. అందుకని శనివారమే వచ్చి కుట్టుమిషన్ల మధ్య నిలబడి పాడిపోయేది. ఆదివారం ఆ గొంతుకు వాళ్లు వాయిస్తుంటే తను కాజాలు కుట్టుకుంటూ వినేది.

"నిన్న రెండో చరణం మరీ సాగదీశాను," అని నొచ్చుకునేది.

"పోనీ వదినా, మన నిదానానికి సరిపోయింది," అనేవాడు మరిది.

అన్నయ్య ఒక్కసారీ తొంగిచూడలేదు. పెళ్లికి ముందు ఆయనా వీధి అదిరేలా గిటారు వాయించినవాడే. ఇప్పుడు భార్య రమ్మంటే "తీరికేదీ?" అనేవాడు. ఆ మాటకు ఆమె ప్రాణం ఉసూరుమనేది. చివరికి ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"టౌన్ హాల్లో ఆ కచేరీ ఏదో కానివ్వండి. ఆ తర్వాత ఈ సరదాలు కట్టిపెట్టండి. నా వాళ్లు అలిసిపోతున్నారు."

ఊళ్లోని బ్యాండులన్నీ వాయించే ఆ కచేరీలో ఈ ఆటవిడుపు బ్యాండుకు దక్కింది ఒక్క పాటే. అది ఆదివారం. మరిది తారీఖులు కలగాపులగం చేసి వదినకు శనివారమని చెప్పాడు. వదిన శుక్రవారం సాయంత్రమే ఖాళీ హాల్లో పాడేసి వచ్చింది.

శనివారం ఆమె హాలుకు వెళ్లేసరికి స్టేజి మీద పెద్ద బ్యాండు ఉంది. ఎవరో బ్యాంకు మేనేజరు పదవీ విరమణ సభ. గుమ్మంలో వదినను చూసి మరిది నాలుక కరుచుకున్నాడు. అంతలోనే ఆమె గొంతు స్టేజి మధ్య నుంచి లేచింది. చేతులు ఊరుకోక మరిదీ నిదానమూ అందుకున్నారు. అన్నయ్య గుడ్లురిమాడు. కాసేపటికి ఉరమడం మరిచిపోయాడు.

రెండో చరణం అయ్యాక గొంతు ఆగింది. వాళ్లిద్దరూ ఆపేశారు.

"ఏమైందిరా?" అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి.

"ఇక్కడ గిటారు రావాలి అన్నయ్యా. వదిన ఎప్పుడూ ఇంతసేపు వదిలేస్తుంది. మేం ఊరికే కూర్చుంటాం."

అంటే నిన్న ఖాళీ హాల్లో, ఇంతసేపూ, తన కోసం నోరు మూసుకుని నిలబడి ఉందన్నమాట. ఆయనకు సిగ్గేసింది. పక్కవాడి గిటారు అందుకున్నాడు. చేయి అలవాటు తప్పింది, తప్పులు దొర్లాయి, అయినా ఆపలేదు. ఆమె గొంతు తిరిగి వచ్చి తన గిటారుతో కలిసేసరికి కళ్లు చెమర్చాయి.

ఆ పాటతోనే సభ ముగిసింది. కుర్చీలు మడుస్తుండగా ఆయన స్టేజి దిగి భార్య దగ్గరికి వచ్చాడు.

"రేపటి పాట ఇప్పుడే పాడాలి కదూ?"

"ఇదే ఆఖరుగా," అందామె, ఎటో చూస్తూ.

"ఆఖరేంటి? గిటారుకి ఇంకాస్త ఎక్కువసేపు వదులు. ఇవాళ నాకు చాల్లేదు."