మేనేజరు గారి దర్శనం టికెట్లు

బందరులో మాది రొయ్యల మేత అమ్మే ఆఫీసు. పొద్దున పూటంతా కృత్తివెన్ను, ముదినేపల్లి రైతులు కౌంటరు మీద పడి ఉంటారు. బిల్లులు కొట్టే నాకు మంచినీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం ఈగలు తోలుకోవడమే. ఆ వేళకి రైతులంతా చెరువుల దగ్గర మేత పనిలో ఉంటారు.

ఆ ఖాళీ ఎవరిదన్నది మా మేనేజరు బుచ్చిబాబు గారు ఎప్పుడో తేల్చేశారు. "జీతం పనికే కాదమ్మా, ఖాళీకి కూడా ఇస్తున్నాం" అంటారు. మంచినీళ్ళ క్యాను పైన గోడకి కాగితం కూడా అంటించారు: ఆఫీసు ఇంటర్నెట్ ఆఫీసు పనికే, సొంతానికి వాడితే మెమో, రెండోసారి వాడితే ఇంటికి. అందులో న్యాయం లేదని నేననను. కరెంటు వాళ్ళది, నెట్టు వాళ్ళది, కుర్చీ కూడా వాళ్ళదే. కానీ ఆ కాగితం కిందే కూర్చుని స్టోర్సు చూసే దివిసీమ సాయిబాబు రోజూ క్రికెట్ పెట్టుకుంటాడు. బుచ్చిబాబు గారే మధ్యమధ్యలో వచ్చి "స్కోరెంతయ్యా?" అని అడిగి పోతారు. అది మాత్రం సొంతపని కిందికి రాదు.

ఆ రోజు టీచరు పోస్టుల దరఖాస్తుకి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటితో సరి. వయసు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం కూడా. బీఈడీ చేసి బిల్లులు కొడుతున్న నేనూ, తెల్లారకముందే గిలకలదిండి హార్బరుకెళ్ళి చేపల గంప ఎత్తుకునే మా అమ్మ సత్యవతీ దాని మీదే ఆశ పెట్టుకున్నాం. దరఖాస్తుకి కావలసిన కుల ధ్రువపత్రం ముందు రోజు పొద్దుపోయాక చేతికొచ్చింది. నా ఫోనులో చూస్తే ఆ సైటు ఫొటో ఎక్కించే దగ్గరే ఆగిపోతోంది. అందుకని ఆఫీసుకి రాగానే వెళ్ళి అడిగాను.

"సార్, మధ్యాహ్నం ఒక్క గంట పర్మిషనిస్తే నెట్ సెంటరుకెళ్ళొస్తానండీ."

"ఇవాళా? ఇవాళ ఎవరూ సీట్లోంచి కదలడానికి వీల్లేదు సుమతీ. మూడింటికి కొండ మీద దర్శనం టికెట్లు వదులుతున్నారు. మా అమ్మ ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది."

మా ఆఫీసులో ఇదొక ఆచారం. టికెట్లు వదిలే రోజున ఉన్న కంప్యూటర్లన్నీ ఆయన కుటుంబం కోసం క్యూలో నిలబడాలి. సైటు ముందుగా ఎవరిని లోపలికి రానిస్తే వాళ్ళ కుర్చీలోకి ఆయన వచ్చి కూర్చుంటారు. ఇది సొంతపని కాదా అని అకౌంట్సు సాయిలక్ష్మి ఓసారి నవ్వుతూ అంటే, "దేవుడి పనిని పట్టుకుని సొంతపని అంటావేంటమ్మా?" అని నొచ్చుకున్నారు.

భోజనం మానేసి నా దరఖాస్తు తెరిచాను. దొంగచాటుగానే తెరిచాను. అడిగితే ఇవ్వనప్పుడు ఇంకెలా తెరుస్తాను? ఫీజు కట్టాను. పేరు, చదువు, పరీక్షా కేంద్రం గుడివాడ, అన్నీ నింపాను. సైటు నత్తనడక నడుస్తోంది. ఫొటో ఎక్కింది, సంతకం ఎక్కింది. ధ్రువపత్రం ఎక్కుతూ ఉండగా మూడయింది.

"అన్నీ మూసెయ్యండి! దర్శనం సైటు ఒక్కటే ఉండాలి!" అని బుచ్చిబాబు గారు కేకేశారు. నేను నాది మూయలేదు. దాని మీదే ఆయనది తెరిచాను.

ఏం పాపం చేసుకున్నానో, అది ముందుగా లోపలికి రానిచ్చింది నన్నే.

"లే, లే!" అంటూ ఆయన నా కుర్చీలో కూలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను. వాళ్ళమ్మ కామేశ్వరమ్మ గారి ఆధార్ నంబరు కోసం ఇంటికి ఫోను చేశారు. కార్డు బీరువాలో ఉందట, బీరువా తాళం కోడలి దగ్గరుందట, కోడలేమో బ్యూటీ పార్లర్లో ఉందట. ఈలోగా సైటు బయటికి నెట్టేసింది. మళ్ళీ క్యూ. కొడుకు ప్రద్యుమ్న వయసు తప్పు పడింది. డబ్బు కట్టేటప్పుడు ఓటీపీ పార్లర్లో ఉన్న ఆయన భార్య ఫోనుకెళ్ళింది, ఆవిడ ఫోనెత్తలేదు. నాలుగున్నర దాటింది.

"సార్, ఒక్క నిమిషం సీటిస్తారా? నాది చాలా అర్జెంటండీ."

"దేవుడి కన్నా అర్జెంటేంటమ్మా?" తల తిప్పకుండానే అన్నారు.

ఆయన్ని లేపే ధైర్యం చాలలేదు. సముద్రంలో వేట ఆపేసే నెలల్లో నా జీతంతోనే మా ఇల్లు గడుస్తుంది.

చివరికి ఐదు కావొస్తుండగా టికెట్లు దొరికాయి. "గోవిందా!" అని ఆయన అరిస్తే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. దర్శనం పేజీ మూయగానే దాని వెనక నుంచి నా ఫొటో బయటపడింది, కింద ధ్రువపత్రం కూడా ఎక్కేసి ఉంది.

"ఇదేంటి సుమతీ?"

"నా దరఖాస్తు సార్. ఐదింటికి ఆఖరు. అంతా అయిపోయింది, సబ్మిట్ ఒక్కటీ కొడితే చాలండీ." మౌసు కోసం చెయ్యి చాచాను.

ఆయన మౌసు వదల్లేదు. "ఎవరిచ్చారు పర్మిషను? ఇది తెరిచిపెట్టావు కాబట్టే మాది అంత స్లో అయింది. పెద్దావిడ టికెట్టు పోయుంటే ఏం చేసేదానివి?" అని పేజీ మూసేశారు. ఆ మూయడంలో కోపం కూడా లేదు. లైటు ఆర్పినంత మామూలుగా మూశారు. ఆయన లేచాక నేను కూర్చుని మళ్ళీ తెరిచేసరికి, గడువు ముగిసిందని ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ఆఫీసులో మెమోలు టైపు చేసేది నేనే. ఆయన పక్కన నిలబడి చెబుతుంటే నా మెమో నేనే టైపు చేసుకున్నాను. పనివేళల్లో సొంత అవసరానికి ఆఫీసు ఇంటర్నెట్ వాడినందుకు అని రాయించారు. పనిలో పనిగా టికెట్లు కూడా ప్రింటు తియ్యమన్నారు. తీసిచ్చాను. వాటిని కళ్ళకద్దుకున్నాక ఆయన మనసు మెత్తబడింది.

"మొహం అలా పెట్టకమ్మా. రూలు రూలే కదా. కొండ మీద స్వామికి నీ సంగతి కూడా చెప్తాలే, మంచి గవర్నమెంటు ఉద్యోగం రావాలని."

మెమో మీద సంతకం పెట్టి ఆయన చేతికిచ్చాను.

"చెప్పండి సార్" అన్నాను. "ఆ పేజీ మూసిందెవరో కూడా చెప్పండి."