హారన్ కొట్టని ఆటో

మనవరాల్ని బడిలో వెయ్యడం చిన్నమ్మలుకి అది మూడోసారి. మొదటి బడివాళ్ళు వారం తిరక్కుండానే, "పిల్ల కుదురుగా కూర్చోవడం లేదండి, వచ్చే ఏడాది తీసుకురండి" అని పంపేశారు. రెండోచోట ఆపాటి మర్యాద కూడా చూపించలేదు. అందుకే రాజోలులో ఆ చిన్న నర్సరీ మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఏ ఆశా పెట్టుకోలేదు. కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసుకుంటున్న కూతురు రమ్యశ్రీ ఫోనులో పోరుపెడుతూ ఉంటే, దాని తృప్తి కోసం వచ్చింది, అంతే.

కీర్తికి నాలుగేళ్ళు నిండాయి. మాట లేదు. పిలిస్తే పలకదు, ఎదటివాళ్ళ కళ్ళలోకి చూడదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతుంది. కాకినాడలో డాక్టరుగారు చూసి ఆటిజం అన్నారు. ఆ మాటకి అర్థం చిన్నమ్మలుకి సగమే తెలిసింది. పిల్ల తండ్రి అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలకి లోడింగు పనికి పోతాడు. తెల్లారకుండా వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. పిల్లని కనిపెట్టుకుని ఉండేది అమ్మమ్మే.

నర్సరీ నడిపే శారోన్ టీచరుకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చిన్నమ్మలు ఆవిడ దగ్గర ఏదీ దాచలేదు.

"మాటాడదండి. కుదురుగా కూర్చోదండి. భయమేస్తే కొరుకుద్ది కూడానండి. తరవాత మీరు నన్ననుకోకూడదని ముందే చెప్పేస్తన్నాను."

"మంచిపని చేసేరు మామ్మగారూ. ఇలాంటి పాపని నేనింతవరకూ చూసుకోలేదండి. అన్నీ వచ్చని చెప్పను. పాప గురించి మీకు తెలిసింది నాకు చెప్పండి. ఇద్దరికీ తెలీంది, ఇలాంటి పిల్లల కోసం గవర్నమెంటోళ్ళు పెట్టిన భవిత సెంటర్లో మేడంగారిని అడుగుదాం. సరేనాండీ?"

"ఆయ్" అంది చిన్నమ్మలు. పిల్ల ఎందుకిలా ఉందని అడిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు గానీ, పిల్ల గురించి నీకేం తెలుసని ఆవిణ్ణి అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు.

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. చిన్నమ్మలు వరండాలో కూర్చోబోతే టీచరు లోపలికి పిలిచి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఏ చప్పుడికి పిల్ల బెదురుతోంది, ఏ వస్తువు చేతిలో ఉంటే నిమ్మళిస్తోంది అని ఇద్దరూ కనిపెట్టుకుంటూ వచ్చారు. భోజనాల గంట మోగితే కీర్తి గోడకేసి తల కొట్టుకునేది. టీచరు గంట మానేసింది. తను చెయ్యి పైకెత్తితే అందరూ చేతులెత్తాలని పిల్లలకి ఆటగా నేర్పింది. బీరువా పక్కన చాప వేసి, పాత చీర తెరగా కట్టి, "ఎవరికి గోలగా అనిపిస్తే వాళ్ళు ఇక్కడ కూర్చోవచ్చు" అని చెప్పింది. కీర్తి తాగే గ్లాసు, తినే కంచం, ఊగే ఉయ్యాల, వీటన్నిటికీ ఫొటోలు తీసి అట్టలకి అంటించింది. గ్లాసు బొమ్మ చేతికిస్తే మంచినీళ్ళు ఇవ్వడం, ఉయ్యాల బొమ్మ ఇస్తే ఊపడం. రోజూ అదే పని, విసుగు లేకుండా.

వానాకాలం మొదలైన కొత్తలో ఒకరోజు కీర్తి తనంతట తనే లేచివెళ్ళి గ్లాసు బొమ్మ తీసి టీచరు అరచేతిలో పెట్టింది. టీచరు గబగబా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పిల్ల గటగటా తాగేసి తన ఆటలోకి వెళ్ళిపోయింది. చిన్నమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది. దాహమేస్తే ఏడవడం తప్ప ఎరగని పిల్ల, ఇవాళ నీళ్ళు అడిగింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక మధ్యాహ్నం బడి వంటింటి గుమ్మంలో స్టీలు కంచాలు దొంతరగా జారిపడ్డాయి. కీర్తి కెవ్వుమని అరిచి, పక్కనే ఉన్న నానీ అనే పిల్లాడి చెయ్యి కొరికేసింది. పళ్ళు దిగి చర్మం కమిలిపోయింది. నానీ తండ్రి సత్యదుర్గారావు ఆటో నడుపుతాడు. కబురు అందగానే బడికి వచ్చేశాడు.

"ఇదేం బడండీ మేడంగారూ? పిచ్చిపిల్లల్ని తెచ్చి మా పిల్లల మధ్యన పడేస్తారా? ఆ పిల్లైనా ఉండాలి, మావాడైనా ఉండాలి. తేల్చండి."

చిన్నమ్మలు ముందుకొచ్చింది. "తప్పైపోయింది బాబూ, తీసుకుపోతానండి" అని దణ్ణం పెట్టి, పిల్ల సంచీ భుజాన వేసుకుంది.

"మామ్మగారూ, ఆ సంచీ దింపండి" అంది శారోన్ టీచరు. తరవాత దుర్గారావు వైపు తిరిగింది. "మీ కోపంలో న్యాయం ఉందండి. బాబుకి దెబ్బ తగిలింది. తప్పు పాపది కాదు, నాది. ఆ చప్పుడైనప్పుడు పాప పక్కన నేనుండాలి. లేను. ఇకమీదట ఎవరో ఒకరం ఉంటాం. పాపని మాత్రం పంపనండి. మీరు వేరే బడి చూసుకుంటానంటే ఆపలేను గానీ, ఒక్క పూట వచ్చి కూర్చుని చూసి, అప్పుడు చెప్పండి."

మర్నాడు అతను వచ్చాడు. పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, మొహం ముటముటలాడించుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అతని జేబులో ఫోను గట్టిగా పాటెత్తుకుంది. కీర్తి చెవులు మూసుకుని నేల మీద పడి విలవిల్లాడిపోయింది. దుర్గారావు కంగారులో ఫోను కట్టెయ్యలేక అవస్థ పడుతుంటే, చేతికి కట్టుతో ఉన్న నానీయే పరిగెత్తుకొచ్చాడు.

"ఆపెయ్ నాన్నా! కీర్తికి సౌండు కుట్టుద్ది!"

"కుట్టుద్దా? సౌండు కుట్టడమేంట్రా?"

"చెవిలో చీమ కుట్టినట్టు. టీచరు చెప్పేరు."

నానీ వెళ్ళి తెర పక్కకి లాగి పట్టుకున్నాడు. కీర్తి పాక్కుంటూ లోపలికెళ్ళి చాప మీద పడుకుంది. నిన్న తనని కొరికిన పిల్ల కోసం కొడుకు తెర పట్టుకుని నిలబడడం దుర్గారావు చూస్తూ ఉండిపోయాడు. బడి విడిచేదాకా కూర్చుని, కొడుకుని ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు నానీని మళ్ళీ ఆ బడిలోనే దింపాడు.

చిన్నమ్మలువాళ్ళ ఊరు శివకోడు. ఆటో చప్పుడు పడక పిల్లని కాసేపు నడిపిస్తూ, కాసేపు చంకనేసుకుంటూ ఆవిడ రోజూ రాజోలు దాకా నడిచే వచ్చేది. ఒకరోజు దారిలో ముందెక్కడో ఆటో ఆగింది. ఇంజను ఆపేసి, దుర్గారావు నడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎండన పడి ఈ నడకేంటండీ మామ్మగారూ? రోజూ ఇంతేనా?"

"ఏం చెయ్యమంటారు బాబూ. ఆ పాటలకీ హారన్లకీ పిల్ల ఉండలేదు."

అతను మెడ వెనక రుద్దుకున్నాడు. "పాటలు పెట్టనండి. హారనూ కొట్టను. నానిగాడితో పాటు దింపేస్తాను. ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకండి."

ఒక్కరోజులో అయిన పని కాదది. టీచరు ఆటోకి కూడా ఫొటో తీసి కీర్తికి చూపించింది. కొన్నాళ్ళు ఆగి ఉన్న ఆటోలో ఊరికే కూర్చోబెట్టారు. నానీ పక్కనే కూర్చునేవాడు. తరవాత ఇంజను వేసి ఆపడం, ఆ తరవాత వీధి చివరిదాకా వెళ్ళడం. దసరా సెలవులు అయ్యేసరికి కీర్తి ఆటోలోనే బడికి వచ్చేది. దారిలో గేదెలు అడ్డమొస్తే దుర్గారావు కిందికి దిగి అదిలించేవాడు. "హారన్ పాడైందా ఏంటయ్యా?" అని ఎక్కినవాళ్ళు వేళాకోళమాడితే, "లోపల పసిపిల్లుందండి" అనేవాడు.

మార్చిలో రమ్యశ్రీ సెలవు మీద వచ్చింది. వచ్చిన మర్నాడే బడికి వెళ్ళింది. కీర్తి పిల్లల మధ్య కూర్చుని గవ్వలు వరస పేరుస్తోంది. తల్లిని చూసి పరిగెత్తుకు రాలేదు. రమ్యశ్రీ గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అది పిల్ల రాలేదని ఏడ్చిన ఏడుపు కాదు. పదిమంది పిల్లల్లో తన పిల్లని అలా చూస్తానని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఆ ఏడుపు విని కీర్తి లేచింది. మెల్లిగా వచ్చి తల్లి చూపుడువేలు పట్టుకుని లాగింది. బీరువా పక్కకి తీసుకెళ్ళి, తెర తొలగించి, చాప మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

శారోన్ టీచరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "గోలగా అనిపించిన వాళ్ళకి అదే చోటండి. మీకిచ్చింది పాప."

కాళ్ళకి దణ్ణం పెట్టబోయిన రమ్యశ్రీని టీచరు సగంలోనే పట్టుకుంది. "అయ్యో, అదేంటండీ! గంట మానేసి, గోల తగ్గించేక, బెరుగ్గా ఉండే ఇంకో ఇద్దరు పిల్లలు నోరు విప్పేరు తెలుసాండీ? వాళ్ళమ్మలు వచ్చి నాకు థాంక్సులు చెప్తన్నారు. నిజానికి మీ కీర్తికి చెప్పుకోవాలి."

కీర్తికి ఇప్పటికీ మాటలు వచ్చెయ్యలేదు. నీళ్ళకి "నీ" అంటుంది, నానీకి కూడా "నీ" అనే అంటుంది. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచి, తరవాత ఒకటో తరగతి సంగతి చూద్దామని టీచరు చెప్పింది. రమ్యశ్రీ ధైర్యంగా తిరిగి కువైట్ విమానం ఎక్కింది.

చిన్నమ్మలు సాయంత్రం దీపం పెట్టి ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటుంది. ఇప్పుడా వరసలో సత్యదుర్గారావు పేరూ, నానీ పేరూ, శారోన్ టీచరు పేరూ చేరాయి. ఒకనాడు ఉండబట్టలేక ఆ మాట టీచరుతో అనేసింది. "మీ మతం వేరు కదండీ, తప్పులేదు కదా?"

"తప్పేముందండీ. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో మీ కీర్తి కోసం ప్రార్థన చేస్తంది."

చిన్నమ్మలు మొహం విప్పారింది. "అయితే రెండుచోట్లా చెప్పుకుంటన్నామన్నమాట. మంచిదేనండి, ఆయ్" అని, మనవరాలి చెయ్యి పట్టుకుని ఆటో దగ్గరికి నడిచింది.