వాల్ట్రౌట్ గారి తొమ్మిది టీవీలు

జర్మనీలో కార్ల్స్‌రూహే ఊళ్లోని మా మ్యూజియంలో పాత కంప్యూటర్ కళాఖండాలను బాగుచేసి నడిపించడం ఇరవై ఏళ్లుగా నా పని. టిల్మన్ డైరెక్టరుగా వచ్చిన మొదటి వారానికే ఆ మనిషి లోతు తెలిసిపోయింది: చీలమండ దాకా కూడా లేదు. 'అనుభూతి' అనే మాట రోజుకు నలభైసార్లు అనేవాడు. ఒక్క యంత్రం మూత విప్పి చూసిన పాపాన పోలేదు.

వాల్ట్రౌట్ ఏబర్లే గారికి ఎనభై మూడేళ్లు. 1984లో ఆవిడ తొమ్మిది పెట్టె టీవీలను వరసగా నిలబెట్టి, వాటిని నడిపే ప్రోగ్రామును తనే రాసుకున్నారు. విశ్వవిద్యాలయంలోని మగవాళ్లు ఆవిడను కంప్యూటరు ముట్టుకోనిచ్చింది ఆదివారాలు మాత్రమే. మనం వాటి ముందు నడుస్తుంటే మన నీడ ఒక తెర నుంచి మరో తెరకు సాగేది. మనం దాటిపోయాక కూడా వెనక తెరమీద కాసేపు వెలిగి, మెల్లగా ఆరిపోయేది. ఆ ఆరిపోవడమే ఆవిడ కళ.

మా మ్యూజియంలో ఉన్న ఆ టీవీలను టిల్మన్ తీసేయించి గోడంత పల్చటి తెర పెట్టించాడు. నీడ చుట్టూ పువ్వులు, సీతాకోకచిలుకలు. పేరు మాత్రం ఆవిడదే ఉంచాడు.

ప్రారంభోత్సవం నాడు ఆవిడ చేతికర్రతో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, వెనక్కి తిరిగి చూశారు. తెరమీద ఏమీ మిగల్లేదు.

"ఇది నాది కాదు."

"కాలం మారింది కదండీ," అన్నాడు టిల్మన్, వైన్ గ్లాసు ఊపుతూ. "మీ ఆలోచనకి కొత్త ప్రాణం పోశాం."

"ప్రాణం తీసి పూలదండ వేశారు. నా టీవీలేవి?"

అతను నావైపు చూశాడు. ఇలాంటివాళ్లు ఇలాంటప్పుడు పక్కవాడినే చూస్తారు.

"తుక్కుకి పంపేశామండీ," అన్నాను. "సంతకం పెట్టింది నేనే."

"అవేంటో నీకు తెలుసు కదయ్యా."

"తెలుసండీ."

"ఆయనకైతే తెలీదు, పోనీ అనుకోవచ్చు."

ఆవిడ సంచిలోంచి పెన్ను తీసి, తెర పక్కన గోడమీది వివరాల చీటీలో తన పేరు కొట్టేసి, పక్కనే టిల్మన్ పేరు రాశారు. అది కూడా ప్రదర్శనే అనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది టిల్మనే.

ఆవిడ కోటు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ట్రామెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు ఆ చీటీకి అద్దం బిగించమని టిల్మన్ నాకు చెప్పాడు. బిగించనన్నాను. ఇంకెవరితోనో బిగించుకున్నాడు. జనం ఇప్పుడు తెరను వదిలేసి, ఆ చీటీ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.